వ్యాలీ ఫోర్జ్ వెళ్తే ఆర్చ్ దగ్గరే ఆగిపోకండి

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ వాళ్లతో పోరాడుతున్న సైన్యం ఒక చలికాలం విడిది చేసిన చోటు వ్యాలీ ఫోర్జ్, ఇప్పుడది పార్కు. ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి మాత్రం అదంటే వాకింగ్, జింకలు, అక్కడి స్మారక ఆర్చ్ ముందు ఫ్యామిలీ ఫోటో, అంతే. ఇన్నేళ్లూ నేనూ అలాగే వెళ్లొచ్చాను. మొన్న జనవరిలో నాన్నని తీసుకెళ్తే, ఈ చలికి కారు దిగరులే అనుకున్నాను గానీ ఆయన నేరుగా సైనికుల చెక్క గుడిసెల దగ్గరికి నడిచి, ఒకదాంట్లోకి దూరి, దుంగల మధ్య సందుకి అరచెయ్యి ఆనించి నిలబడిపోయారు. "గాలి కొడుతోందిరా. ఇందులో ఎంతమంది పడుకునేవాళ్లు?"

పన్నెండు మంది. పద్నాలుగు అడుగులకి పదహారు అడుగులు, మా బెడ్‌రూమే ఇంతకన్నా పెద్దది. ఇప్పుడున్నవి తర్వాత కట్టిన నమూనాలే, కొలత మాత్రం ఆ సైన్యాన్ని నడిపిన జార్జ్ వాషింగ్టన్ చెప్పిందే.

1777 డిసెంబరు 19న దాదాపు 12,000 మంది సైనికులు ఇక్కడికి చేరి ఆరు నెలలున్నారు. ఇక్కడ ఒక్క యుద్ధం కూడా జరగలేదు. అయినా దాదాపు 2,000 మంది పోయారు. చలికి గడ్డకట్టి పోయారని అందరం చెప్పుకుంటాం, అది నిజం కాదు. టైఫాయిడ్, రక్త విరేచనాలు, ఇలాంటి జబ్బులతో పోయారు, అదీ ఎక్కువమంది మంచు కరిగి ఎండ వచ్చాక.

నాకు కోపం తెప్పించేది తిండి సంగతి. చుట్టూ బంగారం పండే పొలాలు. కానీ సైన్యం ఇచ్చే కాగితం డబ్బుకి విలువ పడిపోయింది, ఫిలడెల్ఫియాలో కూర్చున్న బ్రిటిష్ వాళ్లేమో నాణేలిచ్చి కొనేవాళ్లు. సరుకు మోసే బళ్లు లేవు, రవాణా చూసుకునే పెద్ద అధికారి అక్టోబరులో రాజీనామా చేస్తే మార్చిలో ఆ పదవిలోకి జనరల్ నథానియెల్ గ్రీన్ వచ్చేదాకా పట్టించుకున్న నాథుడు లేడు. సైనికులు పిండిలో నీళ్లు కలిపి నిప్పుల మీద కాల్చుకుని తిన్నారు, కొన్ని రోజులు అదీ లేదు. దీన్ని త్యాగం అని ఊరుకోవడం నాకు నచ్చదు. వాళ్లని ఆకలికి వదిలేశారు.

ప్రష్యా (ఇప్పటి జర్మనీ వైపు) సైనికాధికారి స్టూబెన్ వచ్చి వీళ్లకి కవాతు నేర్పించిన కథ ఇక్కడ చాలామందికి తెలుసు. వంటలు ఒక పక్కన, మరుగుదొడ్లు దానికి దూరంగా పల్లంలో ఉండాలని పట్టుబట్టింది కూడా ఆయనే. నా లెక్కలో కవాతు కంటే అదే పెద్ద పని.

1917లో కట్టిన ఆ ఆర్చ్ అందంగానే ఉంటుంది, కాదనను. కానీ ఈసారి ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ముందు గుడిసెల దగ్గర కారు ఆపండి. వీలైతే చలికాలంలోనే వెళ్లండి. లోపలికి వెళ్లి, ఓ పది నిమిషాలు ఫోన్ తీయకుండా కూర్చోండి.