ఉచిత బస్సు సరే, అందే బస్సు ఏది?

మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలైంది. రద్దీ గురించి, ఖజానాపై భారం గురించి వాదోపవాదాలు చాలానే జరిగాయి. పల్లె ప్రయాణికుల అసలు కష్టం మాత్రం ఎవరి నోటా రాలేదు. ఊరికి బస్సు ఉన్నా అది రైలుకు అందదు, కాలేజీ వేళకు అందదు, మరో బస్సుకూ అందదు.

మండల కేంద్రంలో జూనియర్ కాలేజీ వదిలేసరికి పల్లెవెలుగు వెళ్లిపోయి పావుగంట అవుతుంది. ఆ తర్వాత దిక్కు రాత్రి నైట్‌హాల్ట్ బస్సే. బస్‌పాస్ సంచిలో పెట్టుకుని పిల్లలు షేర్ ఆటో వెనుక కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటారు. క్రాస్‌రోడ్డు దగ్గర ఎక్స్‌ప్రెస్ దిగినవారికి లోపలి ఊళ్ల బస్సు అప్పుడే దాటిపోయిందని టీకొట్టువాడు చెబుతాడు. రెండు బస్సులూ రెండు డిపోలవి. ఒక డిపో వేళలతో మరో డిపోకు పని లేదు.

సమన్వయం ఎవరి దయాదాక్షిణ్యమో కాదు. సమర్థమైన, చాలినంత, పొదుపైన, సక్రమంగా సమన్వయపరిచిన రవాణాను అందించడం ఆర్టీసీ వంటి రవాణా సంస్థ విధి అని 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 18వ సెక్షన్‌లోనే రాసి ఉంది. డిపో సమీక్షల్లో మాత్రం కిలోమీటరుకు ఎంత వచ్చిందన్నదే లెక్క.

ఇన్నాళ్లూ లేని ఆయుధం ఇప్పుడు చేతికొచ్చింది. ప్రభుత్వం నుంచి సొమ్ము రాబట్టుకోవడానికి ప్రతి ఉచిత ప్రయాణానికీ జీరో టికెట్ కొడుతున్నారు. కూలికి, ఆసుపత్రికి, సంతకు వెళ్లే ఆడవాళ్లు ఏ స్టేజీలో ఎక్కారో, ఎక్కడ దిగారో, ఏ వేళకో కండక్టర్ టికెట్ కొట్టే టిమ్ యంత్రంలో నమోదవుతోంది. ఆటోల్లో తిరిగినంత కాలం వీరి ప్రయాణాలకు ఏ లెక్కా లేదు. ఇంత సమాచారాన్ని బిల్లులకే వాడి వదిలేయడం క్షమించరాని నిర్లక్ష్యం. ఏ ఊరికి ఏ వేళ బస్సు కావాలో ఆ టికెట్లే చెబుతాయి.

బస్సులు పాతబడ్డాయి, సిబ్బంది చాలడం లేదు, ఒక ట్రిప్పు వేళ మారిస్తే ఆ బండి రోజంతటి షెడ్యూల్ మారుతుందని అధికారులు అంటారు. అదీ నిజమే. డిపోకొకటిగా కాక ప్రాంతమంతటికీ ఒకే టైంటేబుల్ వేయాలనడం అందుకే.

ఆటోలనూ ఇందులో కలపాలి. కాంట్రాక్ట్ క్యారేజీ పర్మిట్, అంటే బండి మొత్తాన్ని ఒకే బేరానికి మాట్లాడుకునే పర్మిట్, ఉన్న ఆటో దారిపొడవునా ప్రయాణికులను ఎక్కించుకుంటే నేరం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ఆటో డ్రైవర్లకు 15,000 రూపాయల చొప్పున సాయం చేసింది. సాయంతో పాటు క్రాస్‌రోడ్డు నుంచి లోపలి ఊళ్లకు బస్సు వేళను బట్టి నడిపే పర్మిట్ కూడా ఇస్తే వారికి నిలకడైన బేరం ఉంటుంది.

ఇవన్నీ తేల్చే అధికారం ఊరివారికి లేకపోవడమే అసలు జబ్బు. పంచాయతీలకు అప్పగించదగ్గ పనుల జాబితాగా 73వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పదకొండో షెడ్యూల్‌లో రోడ్లు, వంతెనలు ఉన్నాయి. పంచాయతీ రోడ్డు వేయవచ్చు కానీ, దానిపై బస్సు ఎప్పుడు రావాలో చెప్పే వీలు దానికి లేదు. ఊరంతా ఓటేసి గెలిపించిన సర్పంచ్ వినతిపత్రం పట్టుకుని డిపో మేనేజర్ గది ముందు నిలబడుతున్నాడు. టైంటేబుల్‌కు మండల పరిషత్ ఆమోదం తప్పనిసరి చేయండి. ఏటా కాలేజీలు తెరవకముందే డిపో మేనేజర్లు, ప్రిన్సిపాళ్లు, స్టేషన్ మాస్టర్, ఆటో సంఘం మండల పరిషత్ సమావేశానికి వచ్చి ఊరివారి ముందే వేళలు ఖరారు చేయాలి.