పొగ వస్తున్నా కదలని గది

బిబ్ లటానే, జాన్ డార్లీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1968లో ఓ ప్రయోగం వివరాలు ప్రచురించారు. విద్యార్థులను గదిలో కూర్చోబెట్టి ఫారాలు నింపమన్నారు. కాసేపటికి గోడకున్న చిన్న కంతలోంచి పొగ రావడం మొదలైంది. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి చెప్పారు. పక్కన మరో ఇద్దరు (వాళ్లు ప్రయోగం చేసేవాళ్ల మనుషులే) పొగను ఓసారి చూసి, పట్టనట్టు రాసుకుంటూ ఉంటే మాత్రం పదిమందిలో ఒక్కడే కదిలాడు. మిగతావాళ్లు దగ్గారు, కళ్లు నులుముకున్నారు, పొగను చేత్తో తోలుకుంటూ ఫారాలు నింపారు. తర్వాత అడిగితే ఆవిరేమో అనుకున్నామన్నారు, ఏసీలోంచి వస్తోందేమో అనుకున్నామన్నారు. మంట కాదులే అని ఎవరికి వాళ్లు సర్దిచెప్పుకున్నారు.

వాతావరణ మార్పు మాటెత్తితే చాలు, జనం బద్ధకాన్నో స్వార్థాన్నో తిడతాం. ముప్పు దూరంగా ఉంది కాబట్టి మెదడు పట్టించుకోదని ఇంకో వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ వరదలు, వడగాలులు గుమ్మం దాకా వచ్చాక కూడా ఆ సాకు ఎన్నాళ్లు పనికొస్తుంది? నాకైతే ఆ పొగ గదిలోనే అసలు సంగతి ఉందనిపిస్తుంది.

125 దేశాల్లో దాదాపు 1.3 లక్షల మందిని అడిగిన సర్వే ఫలితాలు 2024లో వచ్చాయి. వాతావరణ మార్పును అడ్డుకోవడానికి తమ ఆదాయంలో ఒక శాతం ఇస్తామన్నవాళ్లు 69 శాతం. మీ దేశంలో ఎంతమంది ఇస్తారనుకుంటున్నారని అడిగితే, సగటు అంచనా 43 శాతమే. నేను సిద్ధమే, పక్కవాడే కదలడు అన్నమాట. పక్కవాడూ మన గురించి అదే అనుకుంటున్నాడు. నలుగురిలో ఎండల సంగతి వచ్చినప్పుడు నేనూ ‘ఏటికేడు పెరిగిపోతున్నాయి’ అని ఊరుకుంటాను. ఇంకొక్క మాటంటే క్లాస్ పీకుతున్నాడనుకుంటారేమోనని మొహమాటం.

కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో ఇళ్ల తలుపులకు రకరకాల అట్టలు తగిలించి చూశారు. కరెంటు ఆదా చేస్తే డబ్బు మిగులుతుందని కొన్నింటి మీద, పర్యావరణానికి మంచిదని కొన్నింటి మీద రాశారు. చుట్టుపక్కల ఎక్కువమంది ఆదా చేస్తున్నారని రాసిన అట్టలున్న ఇళ్లలోనే కరెంటు వాడకం ఎక్కువగా తగ్గింది. 2008లో వెలువడిన ఆ అధ్యయనంలో నాకు నచ్చిన ముక్క వేరే ఉంది. ఏ అట్ట మిమ్మల్ని కదిలించిందని అడిగితే, జనం అన్నిటికన్నా కింద పెట్టింది పక్కింటివాళ్ల అట్టనే!

అలాగని ఇళ్లలో ఏసీలు ఆపినంత మాత్రాన బొగ్గు ప్లాంట్లు మూతపడవు. అది ప్రభుత్వాలు చేయాల్సిన పని. పై సర్వేలోనే 89 శాతం మంది ప్రభుత్వాలు ఇంకా గట్టిగా పనిచేయాలన్నారు. ఓట్లు పోతాయని వెనకాడే నాయకులకు ఆ అంకె కనబడదు. కనబడేది నాలాంటి వాళ్ల మొహమాటమే.