ఆదివారం లెక్కలో లేదు

ఈస్టరుకు ముందొచ్చే శ్రమ దినాలు (లెంట్) దగ్గర పడగానే ప్రతి మెథడిస్టు సంఘంలో ఎవడో ఒక యువకుడు ఫోన్లో నాలుగు ముక్కలు చదివొచ్చి పెద్దల్ని ఇరుకున పెడతాడు. "అంకుల్, జాన్ వెస్లీ అసలు లెంట్‌నే తీసేసిండంట గదా?" పెద్దలు ముందు దగ్గుతారు. తర్వాత, నీకు ప్రార్థనా జీవితం తగ్గింది తమ్మీ అంటారు. ఇది జవాబు కాదు. జహీరాబాద్ నుంచి ఆబిడ్స్ దాకా ఉన్న సంఘాల పరువు కోసమైనా సరైన జవాబు ఒకటి రాసి పెట్టాల్సి ఉంది.

పిల్లవాడు చెప్పింది అబద్ధమేమీ కాదు. 1784లో అమెరికా మెథడిస్టుల కోసం, మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన వెస్లీ ఇంగ్లండు సంఘపు ప్రార్థన పుస్తకాన్ని కుదించి పంపాడు. పండుగ దినాల్లో చాలావాటి వల్ల ఇప్పుడు ప్రయోజనం లేదని ముందుమాటలోనే తేల్చేశాడు. క్రిస్మస్, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ బతికాయి. లెంట్‌కు కత్తెర పడింది. అయితే ఆ పుస్తకంలోనే ఇంకో మాట ఉంది, అక్కడిదాకా పిల్లవాడు చదవలేదు: సంవత్సరంలోని శుక్రవారాలన్నీ ఉపవాస దినాలు, క్రిస్మస్ నాడు పడిన శుక్రవారం తప్ప. మన సంఘాలు ఈ ఏర్పాటును ప్రార్థనాపూర్వకంగా పరిశీలించి, ఆయన తీసేసినదాన్ని ఉంచుకున్నాయి, ఉంచినదాన్ని తీసేశాయి. ఇందులో అవిధేయత ఎక్కడా లేదు. ఏడాదికి యాభై రెండు ఎక్కువా, నలభై ఎక్కువా?

(ఇదంతా మెదక్ వాళ్లను చూసి నేర్చుకున్నామని కొందరంటారు. ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మిషన్ వాళ్లు 1947లోనే దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) కలిసిపోయారు, మెదక్ అటు. మనం అమెరికన్ మిషన్ వైపు, 1981లో స్వతంత్ర భారత మెథడిస్టు సంఘం అయినవాళ్లం. మన లోపాలు మన సొంతం.)

ఇప్పుడు నలభై సంగతి. 2026లో లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 18, ఈస్టర్ ఏప్రిల్ 5. ఫిబ్రవరిలో పదకొండు, మార్చిలో ముప్పై ఒకటి, ఏప్రిల్లో నాలుగు, మొత్తం 46. మధ్యలో ఆదివారాలు ఆరు. ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి ఆ రోజు ఉపవాసం తగదని ఆదిమ సంఘమే చెప్పింది. ఆరు తీసేస్తే నలభై. సంఘంలో లెంట్ వేదాంతం గురించి అందరికీ బాగా తెలిసిన విషయం ఇదొక్కటే. మిగతా సిద్ధాంతాలు మరిచిపోయినా ఆదివారం లెక్కలో లేదన్నది మాత్రం సండే స్కూల్ పిల్లల నుంచి చికెన్ షాపు ఆయన దాకా అందరికీ కంఠస్థం.

ఆ ఆదివారం ఎప్పుడు మొదలవుతుందన్నది కొంచెం లోతైన ప్రశ్న. ఆదికాండం మొదటి అధ్యాయంలో సాయంత్రం ముందు వస్తుంది, ఉదయం తర్వాత వస్తుంది. కాబట్టి బైబిలు ప్రకారం ఆదివారం శనివారం సాయంత్రం ఆరున్నరకే మొదలు. ముగియడం మాత్రం గోడ గడియారం ప్రకారం, అర్ధరాత్రి పన్నెండుకి. అంటే మెథడిస్టు ఆదివారానికి ఇరవై తొమ్మిదిన్నర గంటలు. శనివారం మధ్యాహ్నమే చికెన్‌కు ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి, పెరుగు పట్టించి ఫ్రిజ్‌లో పెడితే అది భోజనం కిందికి రాదు, సిద్ధపాటు కిందికి వస్తుంది. సిద్ధపడి ఉండండని వాక్యమే చెబుతోంది. గుడ్డు విషయంలో సంఘాలు ఇంకా ఒక మాట మీదికి రాలేదు. ఎండు రొయ్యలు మాంసం కాదు, చారులో వేసే దినుసు అని స్త్రీల సమాజం ఏనాడో తీర్పిచ్చింది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

ఇక ఉపవాస ప్రార్థన. వెస్లీ ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం మూడింటి వరకు ఏమీ ముట్టేవాడు కాదు. శ్రమ దినాల్లో మన శుక్రవారపు ఉపవాసం ఉదయం పదింటికి మొదలై ఒంటిగంటన్నరకు ముగుస్తుంది. తొమ్మిదింటికి నాలుగు ఇడ్లీలో, ఒక ప్లేటు ఉప్మానో పడితే ఈ మూడున్నర గంటలు నిలబడటం సాధ్యమే. "ఉపాసమున్నవా అక్కా?" అంటే "ఆ, టిఫిన్ చేసిన గంతే, ఇంకేం ముట్టలే" అన్నది చర్చి గుమ్మం దగ్గర ఆమోదం పొందిన జవాబు.

ఈ ఉపవాసంలో అసలైన పరీక్ష వంటావిడది. ఉపవాసం విడిచే భోజనం వందమందికి అంటే పదకొండు కిలోల బియ్యం, మూడున్నర కిలోల కందిపప్పు, నాలుగు కిలోల టమాటా, రెండు కిలోల మామిడికాయ పచ్చడి. కాగితం మీద సరిపోతుంది. కానీ పదింటికి చర్చిలో ఉండేది ముప్పై ఐదు మంది. పన్నెండుకు అరవై. ఒంటిగంటా పావుకు నూట నలభై. ఆ చివరి ఎనభై మందీ ఇంటి దగ్గరే ఉపవాసం ఉండి, విడవడానికి మాత్రం సహవాసం కోరుకునేవాళ్లు. అనుభవమున్న వంటావిడ ఇది ముందే ఊహించి పప్పును గట్టిగా ఉడికించి పెట్టుకుంటుంది. గుమ్మంలో చెప్పులు లెక్కబెట్టి అప్పుడు ఆరేడు లీటర్ల వేన్నీళ్లు పోస్తుంది, పప్పు పప్పుచారవుతుంది. అద్భుతాల మీద ప్రసంగం లోపల జరుగుతూనే ఉంటుంది.

తప్పు జరిగేది పోపు దగ్గర. వంట షెడ్డు సాధారణంగా చర్చి కిటికీకి పదడుగుల దూరంలో ఉంటుంది. ఒంటిగంటకు ముందు వెల్లుల్లి, ఎండుమిర్చి, ఇంగువ నూనెలో పడితే ఎంతటి ప్రసంగమైనా అక్కడితో సరి. వక్త ఇంకా రెండో అంశంలో ఉంటాడు, సభ ముగింపు ప్రార్థనకు కళ్లు మూసేసుకుంటుంది. అందుకే పోపు వేసే సమయాన్ని ఆరాధన క్రమంలో అచ్చు వేయించాలని మా సూచన. కానుకల తర్వాత, ఆశీర్వచనానికి ముందు.

టీ గురించి రెండు మాటలు. వెస్లీ 1746లో టీ మానేశాడు. చేతులు వణుకుతున్నాయని, ఆ డబ్బు పేదలకు పనికొస్తుందని వాదించి, 1748లో టీకి వ్యతిరేకంగా ఒక ఉత్తరమే రాశాడు. తర్వాత కొన్నేళ్లకు మళ్లీ మొదలుపెట్టాడు. లండన్లో ఆయన ఇంట్లో పెద్ద పింగాణీ టీపాట్ ఒకటి ఇప్పటికీ చూపిస్తారు. మన సంఘం ఆ మొదటి భాగాన్ని వదిలేసి రెండో భాగాన్ని అనుసరిస్తుంది.

ఈ టీయే గృహ కూటాల్ని ముంచుతోంది. శ్రమ దినాల్లో సాయంత్రానికో ఇంట్లో ప్రార్థన. పట్టికలో ఏడింటికని ఉంటుంది, మొదలయ్యేది ఏడూ నలభై ఐదుకు. మొదటి వారం నాలుగు లీటర్ల పాలు, రెండు లీటర్ల నీళ్లు, నూటయాభై గ్రాముల టీ పొడి. చిన్న కాగితం కప్పులైతే తొంభై అవుతాయి, పక్కన ఒక మారీ బిస్కెట్టు. ఇంతవరకు సువార్తే. రెండో వారంలో ఒక సిస్టర్ ఇంట్లో ఉస్మానియా బిస్కెట్లు వస్తాయి. పాపం ఆమె ఉద్దేశం మంచిదే. కానీ ఆ మర్నాటి ఇంటివాళ్లు మారీ ఎట్లా పెడతారు? మిక్చర్ కలుపుతారు. మూడో వారానికి సమోసా, నాలుగో వారానికి ఇడ్లీ సాంబారు, ఐదో వారానికి "ఏదో చిన్నగా" అంటూ వెజ్ బిర్యానీ, రైతా. ద్రవ్యోల్బణాన్ని ఆపడానికి రిజర్వు బ్యాంకుకు వడ్డీ రేటు ఉంది, సంఘాన్ని నడిపే పాస్టరేటు కమిటీకి ఏముంది? "టీ మాత్రమే" అని ఒకసారి తీర్మానం చేస్తే టీతోపాటు వచ్చే గులాబ్ జామూన్‌ను టీలో భాగంగానే లెక్కేశారు. చివరి వారాల్లో పేరుపడిన ఇళ్లు మొదటి వారానికి మార్చమని స్టీవార్డు చుట్టూ తిరుగుతాయి. అద్దె ఇంట్లో ఉండే ఆటో డ్రైవరు కుటుంబం మాత్రం మార్చమని అడగదు. పట్టికలోంచి తమ పేరే తీసేయమంటుంది, "ఆ రోజు ఊర్లో ఉండం అయ్యగారూ" అని.

ఇళ్లలో కూడుకోవడమే మెథడిస్టుల మూలం అని ఇక్కడ ఎవరైనా గుర్తుచేయొచ్చు. నిజమే. 1742 ఫిబ్రవరిలో బ్రిస్టల్ చర్చి అప్పు ఎట్లా తీర్చాలని మాట్లాడుకుంటుంటే కెప్టెన్ ఫోయ్ అనే ఆయన ఒక ఉపాయం చెప్పాడు. ప్రతివాళ్లూ వారానికొక పెన్నీ ఇవ్వాలి. ఇవ్వలేని పేదల్ని పదకొండు మందిని నాకప్పగించండి, వాళ్లు ఇస్తే సరి, లేకపోతే నేనే వేస్తాను అన్నాడు. అలా పన్నెండుగురి క్లాసులు పుట్టాయి. చందా కోసం ఇంటింటికీ పోతే ఆ ఇళ్ల స్థితి తెలిసింది, దాంతో అవి ఆత్మల్ని కనిపెట్టుకునే కూటాలయ్యాయి. మనం ఆ పద్ధతిలో చందా సంచిని చెక్కు చెదరకుండా కాపాడుకున్నాం. ఇవ్వలేనివాడిది నేను వేస్తానన్న వాక్యం మాత్రం అనువాదంలో ఎక్కడో పడిపోయింది.

పిడికెడు బియ్యం కానుక సంగతీ అంతే. పొద్దున, సాయంత్రం ఎసట్లో పోసేముందు ఒక్కో పిడికెడు తీసి డబ్బాలో వేయాలి. పిడికెడు యాభై గ్రాములనుకుంటే రోజుకు వంద, నలభై రోజులకు ఇంటికి నాలుగు కిలోలు. నియమం ఏమిటంటే ఇల్లు తినే బియ్యంలోంచి తీయాలి. ఆచరణలో ఇల్లు తినేది సోనామసూరి, డబ్బాలో పడేది రేషన్ దొడ్డు బియ్యం. అదీ రోజూ కాదు, చివరి శనివారం ఒక్కసారే నాలుగు కిలోలు తూచి. ఈ పాపాన్ని ప్రసంగాలు కడగలేకపోయాయి, ప్రభుత్వం కడిగింది. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్ షాపుల్లో సన్న బియ్యమే ఇస్తుండటంతో సంఘం కానుక నాణ్యత ఒక్కసారిగా పెరిగింది. స్తుతి ఆరాధనలో పౌర సరఫరాల శాఖను కూడా తలుచుకోవడం ధర్మం.

భస్మ బుధవారం నాడు నుదుట బూడిద పెట్టే ఆచారం మన సంఘాల్లో అన్నిచోట్లా లేదు. పెట్టే చోట నిరుటి మట్టల ఆదివారం (ఈస్టరుకు ముందు ఆదివారం) నాటి ఈత ఆకుల్నే కాల్చాలి. ఇనప మూకుడులో వేసి మూత సగం వేస్తే నల్లగా వస్తుంది. పూర్తిగా మండనిస్తే తెల్లబూడిదై నుదుటి మీద కనిపించదు. కనిపించకపోతే ఎట్లా? నూరి, పలచటి బట్టలో జల్లించి, నాలుగు చుక్కల నూనె కలపాలి. నీళ్లు కలపకూడదు. బూడిద, నీళ్లు కలిస్తే క్షారం, చర్మం మండుతుంది. ఆ మంటను పశ్చాత్తాపం అనుకునే ప్రమాదం ఉంది. ఆ రోజు చదివే వాక్యభాగం మత్తయి ఆరో అధ్యాయం: ఉపవాసం ఉన్నప్పుడు ముఖం కడుక్కో, మనుషులకు కనబడనివ్వకు అని. అది విని, బూడిద పెట్టించుకుని, సెల్ఫీ దిగి స్టేటస్‌లో పెడతాం. సోషల్ మీడియా ఉపవాసం మొదలుపెడుతున్నామని చెప్పేది కూడా అందులోనే. మూడో రోజు ఎన్ని లైకులొచ్చాయో చూడటానికి మాత్రం లోపలికి పోతాం, ఏమీ రాయం.

మట్టల ఆదివారం గురించి ఒక్కటే. ఈత మట్ట మొదట్లో జానెడు మేర ముళ్లుంటాయి, అవి కోసేయాలి. శనివారం రాత్రి తడి గోనెసంచిలో చుట్టి పెట్టాలి. ఇవి రెండూ చేయకపోతే హోసన్నా మొదటి చరణంలోనే పిల్లల మధ్య యుద్ధం, రెండో చరణంలో టించర్ అయోడిన్.

చివరికి గుడ్ ఫ్రైడే, పన్నెండు నుంచి మూడు వరకు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు. నూట ఎనభై నిమిషాలు. ఏడుగురికి ఇరవై చొప్పున నూట నలభై. ఎనిమిది పాటలకు నాలుగేసి చొప్పున ముప్పై రెండు. ప్రార్థనలకు, కానుకలకు, మైకు కీచుమన్నప్పుడు సరిచేయడానికి ఎనిమిది. ఈ లెక్కలో తప్పు లేదు. తప్పు మొదటి మాట ఎత్తుకునే పెద్దమనిషి దగ్గర మొదలవుతుంది. "వీరిని క్షమించుము" మీద ఆయన నలభై నిమిషాలు మాట్లాడతాడు. దొంగ మారుమనస్సును, తల్లిని శిష్యుడికి అప్పగించడాన్ని కూడా దారిలోనే ముగించేస్తాడు. రెండో వక్తకు, మూడో వక్తకు చెప్పడానికి ఏమీ మిగలదు, అయినా చెరో పాతిక నిమిషాలు చెబుతారు. నాలుగో ఆయన ఏలీ, ఏలీ అని ఆగి హెబ్రీ, అరామిక్ తేడా వివరిస్తాడు. ఏప్రిల్ ఎండ, రేకుల కప్పు, తెల్ల చీరల మీద ఊగే విసనకర్రలు, కరెంటు పోయి ఆగిన ఫ్యాన్లు. రెండుంబావుకు ఐదో వక్త లేచి "నేను దప్పిగొనుచున్నాను" అని చదివితే ఆ ఏడు మాటల్లో సంఘమంతా మనసారా ఆమెన్ చెప్పేది దానికే.

ఆరో మాట ఎప్పుడూ రిటైరైన హెడ్మాస్టారుకే ఇస్తారు. "సమాప్తమైనది" అని ఆయన మొదలుపెట్టేటప్పటికి రెండు నలభై. మూడింటికి ఇంకోసారి "సమాప్తమైనది" అంటారు, అందరూ పాటల పుస్తకాలు తీస్తారు. ఆయన గ్రీకు మూలంలోకి వెళ్తారు. ఏడో మాట యూత్ సెక్రటరీది. వారం రోజులు ప్రిపేరై, నాలుగు కాగితాలు మడతపెట్టి జేబులో పెట్టుకుని ఉంటాడు. మూడూ ఇరవైకి అయ్యగారు అతని చెవిలో ఏదో చెబుతారు. అతను మైకు దగ్గరికొచ్చి, కాగితాలు తీయకుండా, "తండ్రీ, నీ చేతికి" అని వచనం ఒక్కటే చదివి కూర్చుంటాడు. కాసేపు ఎవరూ ఏమీ అనరు. బయట చింతచెట్టు కింద రెండు క్యాన్ల మజ్జిగలో వంటావిడ ఉప్పు కలుపుతోంది, గరిటె చప్పుడు లోపలిదాకా వినబడుతోంది.