ఫోను లాకర్లో, గది తాళం సూపర్‌వైజర్ జేబులో

మొన్నటి వేసవి సెలవుల్లో నగర శివారులోని ఒక వాటర్ పార్కుకు వెళ్లాం. మా అక్క కొడుకు, పదేళ్ల వాడు, స్లైడ్ మెట్ల మీద తడికాలు జారి గడ్డం పగలగొట్టుకున్నాడు. ప్రాణం మీదికొచ్చే దెబ్బేమీ కాదు, తర్వాత ఆసుపత్రిలో మూడు కుట్లతో సరిపోయింది. కానీ తడి ఒంటి మీద నీళ్లతో కలిసిన రక్తం నాలుగింతలు కనబడుతుంది. వాడి పొట్ట దాకా ఎర్రగా కారింది. కొంగో చున్నీయో అడ్డం పెడదామంటే మా అక్క పార్కువాళ్లు అద్దెకిచ్చిన నైలాన్ బట్టల్లో ఉంది. నైలాన్ రక్తాన్ని పీల్చదు.

ప్రథమ చికిత్స గది ఎక్కడని మొక్కజొన్న పొత్తులమ్మే కుర్రాణ్ణి అడిగితే టికెట్ కౌంటర్ చూపించాడు. కౌంటర్లో అమ్మాయి సెక్యూరిటీ వాళ్లను అడగమంది. గార్డు వాకీటాకీలో మాట్లాడి "సార్ వస్తున్నారు" అన్నాడు. గది ఉంది, మరుగుదొడ్ల వెనక. దానికి తాళం ఉంది. ఆ తాళం చెవి సూపర్‌వైజర్ జేబులో ఉంది. సూపర్‌వైజర్ వేవ్ పూల్ దగ్గర ఉన్నాడు. చివరికి తలుపు తెరిచాక మా చేతికి మొదట అందింది దూది కాదు, రిజిస్టరు. పేరు, వయసు, టికెట్ నంబరు, "నా అజాగ్రత్త వల్ల" అని ముందే అచ్చువేసిన వాక్యం, కింద సంతకానికి గీత. సంతకం అయ్యాక దూది ఇచ్చారు. తెరుచుకున్న గాయం మీద నేరుగా దూది పెట్టకూడదు, పోగులు అతుక్కుపోతాయి. శుభ్రమైన గాజుగుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోవాలి. ఆ పెట్టెలో గాజుగుడ్డ లేదు.

రైడ్ల భద్రత గురించి మాట్లాడటం మనకు బాగానే వచ్చు. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో ఊయల రైడ్ విరిగిపడి ఇద్దరు చనిపోయినప్పుడు మాట్లాడాం. 2025 జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో రైడ్ మధ్యలో ఆగి జనం తలకిందులుగా వేలాడినప్పుడూ మాట్లాడాం. బోల్టులు, బెల్టులు, తనిఖీ పత్రాలు. అవి కావలసిందే. కానీ పార్కుకు వెళ్లిన కుటుంబానికి మామూలుగా ఎదురయ్యేవి వేరు. ఎండదెబ్బ, మడతపడ్డ చీలమండ, వేడి నూనె చిందిన చెయ్యి, ఆస్తమా పిల్లకు ఆయాసం, తాతగారికి చక్కెర పడిపోవడం. ఇవేవీ వార్తలు కావు కనుక వీటిని అడిగే నాథుడు లేడు.

అసలు విషయం గేటు దగ్గరే మొదలవుతుంది. బయటి తిండి నిషేధమంటూ సంచి తెరిచి బిస్కెట్ ప్యాకెట్టు తీసి పక్కన పెడతారు. ఇన్సులిన్ వేసుకునే పెద్దాయనకు అది చిరుతిండి కాదు. ఒంట్లో చక్కెర పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడే వేళ స్పృహలో ఉన్న మనిషికి మూడు నాలుగు చెంచాల చక్కెర అందితే పావుగంటలో తేరుకుంటాడు. ఆ చక్కెర ఇప్పుడు ఫుడ్‌కోర్టు వరసలో, కూపన్ కొన్నాక దొరుకుతుంది. తర్వాత లాకరు. ఇన్‌హేలరు, నాలుక కింద పెట్టుకునే గుండె మాత్ర, కళ్లజోడు, పర్సు, ఫోను అన్నీ అందులోకే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 నంబరు ఇప్పుడు మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. నోటికి వస్తే చాలదు, నొక్కడానికి చేతిలో ఫోను ఉండాలి. ఎవరి ఫోనో అడిగి పిలిచినా ఆంబులెన్సు వచ్చేది గేటు దాకానే. అక్కణ్ణుంచి కొలను దాకా దారి చూపేదెవరు?

తిండి తీసుకున్నారు, మందులు పెట్టెలో పెట్టించారు, ఫోను దూరం చేశారు, చివరికి బట్టలు కూడా వాళ్లవే తొడిగించారు. ఇన్ని తీసుకున్న మనిషి "మీ సొంత బాధ్యతపై ఆనందించండి" అని బోర్డు పెడితే ఆ బోర్డుకు అర్థమేమిటి? ప్రథమ చికిత్సను పార్కు చేసే మర్యాదగా చూడటం మానేయాలి. టికెట్ డబ్బులో అది కలిసే ఉంది.

దీనికి పోలిక మన చట్టంలోనే ఉంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ ప్రతి 150 మంది కార్మికులకు కనీసం ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలంది. ఆ పెట్టెకు శిక్షణ పొందిన మనిషి బాధ్యుడిగా పనివేళల్లో ఎప్పుడూ అందుబాటులో ఉండాలంది. 500 మందికి మించితే వైద్య సిబ్బంది ఉండే ఆంబులెన్స్ గదే ఉండాలంది. తాళం చెవి వేవ్ పూల్‌కు వెళ్లకూడదని ఆ రోజుల్లోనే ఆలోచించారన్నమాట. అదంతా కార్మికుడి కోసం. సెలవు రోజున టికెట్ కొని వచ్చే వేల మందికి అదే తూకం ఎందుకు పట్టదు? సాయం చేసేవాడికి ఉన్న రక్షణ కూడా అంతే. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ రోడ్డు ప్రమాద బాధితుణ్ణి ఆదుకునేవాణ్ణి కాపాడుతుంది. కొలను గట్టు రోడ్డు కాదు.

పార్కులవాళ్ల మాట కూడా వినాలి. పెద్ద పార్కుల్లో నర్సులు, లైఫ్‌గార్డులు, సొంత ఆంబులెన్సు ఉంటున్న మాట నిజమే. రక్తపోటు దాచి రైడ్ ఎక్కేవాళ్లు, గుండె జబ్బువాళ్లు ఎక్కవద్దన్న బోర్డు ముందే నిలబడి గొడవపడేవాళ్లు మనలో ఉన్నారు. గదికి పెద్ద బోర్డు పెడితే తలనొప్పి మాత్రకు కూడా జనం వరస కడతారన్నది మరో వాదన. కట్టనివ్వండి. మధ్యాహ్నం రెండింటికి తలనొప్పి అంటూ వచ్చినవాడిలోనే ఎండదెబ్బ తొలి దశలో దొరుకుతుంది.

ఫ్లోరిడాలోని డిస్నీ మేజిక్ కింగ్‌డమ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అనే భోజనశాల పక్కనే ప్రథమ చికిత్స కేంద్రం ఉంటుంది. పార్కు పటంలో దాని గుర్తు ఉంటుంది, లోపల నర్సులు ఉంటారు. చిన్న గాయానికి పట్టీ, తలనొప్పికి మాత్ర ఊరికే ఇస్తారు. చల్లగా ఉంచాల్సిన మందులుంటే దాచిపెడతారు. పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లిన మన తల్లిదండ్రులు ఆంబులెన్సు బిల్లుకు భయపడి ఛాతీ నొప్పిని గ్యాస్ అని సర్దుకుంటారు కదా, వాళ్లు కూడా జంకకుండా ఆ గది గడప తొక్కవచ్చు. అలాగని డిస్నీ ధర్మసత్రం కాదు. అక్కడి పెద్ద పార్కులు రాష్ట్ర ప్రభుత్వ రైడ్ తనిఖీల నుంచి మినహాయింపు పొందినవే. కానీ అరగంట పడుకోబెట్టి మాత్ర ఇస్తే ఆ కుటుంబం రాత్రి బాణసంచా దాకా ఉంటుంది, ఇంకో పూట తింటుంది, బొమ్మలు కొంటుంది. పాప్‌కార్న్ ధర నిర్ణయించడంలో అంత చురుకైన మన వ్యాపారికి ఈ లెక్క ఎందుకు తట్టలేదో తెలియదు.

ఇంకా చిత్రమేమిటంటే, టికెట్ లేని చోట మనకు ఈ పని వచ్చు. మేడారం జాతరలో అడుగడుగునా వైద్య శిబిరాలు కనబడతాయి. తిరుమల కొండ మీద అశ్విని ఆసుపత్రి ఉంది. 2015లో రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ తొక్కిసలాటలో 27 మందిని పోగొట్టుకున్న వాళ్లం, ప్రభుత్వ ఏర్పాట్లకు హారతి పట్టే ఉద్దేశం నాకు లేదు. అయినా జాతరలో తప్పిపోయిన పిల్లల పేర్ల మధ్య మైకులో శిబిరం ఎక్కడుందో చెబుతూనే ఉంటారు. పార్కు మైకులో పాటలు, కాంబో ఆఫర్లు.

పెట్టె, గది ఉంటే సరిపోతుందా అంటే, దెబ్బ తగిలిన చోటికి అందరికన్నా దగ్గరగా ఉండేది నర్సు కాదు, ఆ మొక్కజొన్న కుర్రాడు. గుండె ఆగిన మనిషికి షాక్ ఇచ్చే యంత్రం అందడంలో ఆలస్యమయ్యే ప్రతి నిమిషం బతికే అవకాశాన్ని నూటికి 7 నుంచి 10 వంతులు తగ్గిస్తుంది. ఛాతీ నొక్కడం వెంటనే మొదలుపెడితే ఆ తరుగు నెమ్మదిస్తుంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతున నొక్కాలని ఆ కుర్రాడికి ఒక పూటలో నేర్పవచ్చు. నేర్పకపోతే వాడు తనకు తెలిసిందే చేస్తాడు. మూర్ఛ వచ్చినవాడి పిడికిట్లో తాళాల గుత్తి పెడతాడు, కాలిన చేతికి పేస్టు పూస్తాడు, నీట మునిగినవాడికి ఊపిరి ఊదాల్సింది పోయి పొట్ట నొక్కుతాడు.

కానీ నేర్పరు. సాయానికి చెయ్యి వేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందన్న భయం. ఆ భయం పార్కులో పుట్టింది కాదు. "యాజమాన్యం బాధ్యత వహించదు" అన్నంత విరివిగా తెలుగులో అచ్చయిన వాక్యం మరొకటి ఉండదనిపిస్తుంది. సైకిల్ స్టాండు నుంచి కోచింగ్ హాస్టల్ దాకా గోడ కనబడితే చాలు, ముందు ఇది రాసి తర్వాత పేరు రాస్తారు. వినియోగదారుణ్ణి నష్టపెట్టే అసమంజసమైన షరతును 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయపు ఒప్పందం కింద లెక్కగట్టింది. గోడ మీద రాత మాత్రం చెరగలేదు.

ఇప్పుడు బడుల విహారయాత్రల కాలం. జిల్లాల నుంచి బస్సుల నిండా పిల్లలు, వాళ్ల వెంట ఇద్దరు ముగ్గురు మాస్టార్లు. పోయిన వారం అక్క కొడుకు సంచిలో బడి నుంచి కాగితం వచ్చింది. "యాత్రలో ఏమి జరిగినా పూర్తి బాధ్యత నాదే" అని, కింద తల్లిదండ్రుల సంతకం. అక్క సంతకం పెట్టలేదు. కాగితం వెనక్కి తిప్పి మూడు ప్రశ్నలు రాసి పంపింది: ఆ పార్కులో ప్రథమ చికిత్స గది ఎక్కడుంది, అందులో ఎవరుంటారు, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఇంకా జవాబు రాలేదు.