సందేహం వస్తే రక్షణ లేనట్టేనా?
నిజంగా రక్షణ (క్రీస్తు ద్వారా పాపక్షమాపణ, నిత్యజీవం) పొందినవాళ్లకు దాని గురించి సందేహమే రాదని మీ వ్యాసంలో రాశారు. ఈ ఒక్క మాట మాత్రం నేను ఒప్పుకోలేను. యోహాను బైబిల్లోని తన మొదటి పత్రిక (ఉత్తరం) 5:13లో, దేవుని కుమారుణ్ణి నమ్మినవాళ్లు తమకు నిత్యజీవం ఉందని తెలుసుకోవాలనే ఇవన్నీ రాస్తున్నానని చెప్పాడు. అప్పటికే నమ్మినవాళ్లకు ఆ భరోసా రాసి ఇవ్వాల్సి వచ్చిందంటే వాళ్ల మనసూ ఊగిసలాడిందనే కదా. ప్రొటెస్టంట్ క్రైస్తవుల నమ్మకాలను వివరించే 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం కూడా, నిజమైన విశ్వాసి ఈ నిశ్చయత కోసం చాలాకాలం ఎదురుచూడాల్సి రావచ్చని, వచ్చాక కూడా అది సన్నగిల్లవచ్చని 18వ అధ్యాయంలో చెబుతుంది. మా సంఘంలో ఒక పెద్దావిడ మంచం పట్టాక నా చెయ్యి పట్టుకుని, "ప్రార్థన మధ్యలోనే నిద్ర పట్టేస్తోందమ్మా, ఆయన నన్ను చేర్చుకుంటాడంటావా?" అని అడిగేవారు. లూకా 23లో యేసు పక్కన సిలువ మీద ఉన్న నేరస్థుడి సంగతి చదివి వినిపించాను. మంచి పనులు చేసి చూపించడానికి అతనికి టైమ్ ఎక్కడుంది? ఈరోజే నాతో పరదైసులో ఉంటావని యేసు ఇచ్చిన మాట ఒక్కటే అతని ఆధారం. ఆవిడ కళ్లు మూసుకుని విని, "ఇంకోసారి చదువమ్మా" అన్నారు. నా విశ్వాసం ఎంత గట్టిదో అని లోపలికి తవ్వుకుంటూ కూర్చుంటే టెన్షనే మిగులుతుంది, చూడాల్సింది క్రీస్తు వైపు. మార్కు 9లో కొడుకును బాగుచేయమని వచ్చి, తన అపనమ్మకాన్ని దాచకుండా చెప్పుకున్న తండ్రిని ఆయన వెనక్కి పంపలేదు, కొడుకును బాగుచేశాడు. పాపంలో హాయిగా బతుకుతూ రక్షణ ఖాయమనుకునేవాళ్లను మీరు హెచ్చరించడం సబబే, కానీ భయంతో నలిగిపోతున్నవాళ్లను కూడా అదే గాటన కట్టకండి.