పైన పటారం, లోన లైనింగు

"ఒక్కసారే వేసుకున్నది" అన్న మాటకు ఐక్యరాజ్యసమితి స్థాయిలో ఒక నిర్వచనం ఖరారు చేయక తప్పదు. కైరోలో కుట్టిన బెల్లీ డాన్స్ దుస్తులు యూరప్, అమెరికా డాన్సర్ల మధ్య చేతులు మారేటప్పుడు అమ్మకం ప్రకటనల్లో పదేపదే వినిపించే మాట ఇది. తీరా విప్పి చూస్తే చంకల దగ్గర లైనింగు పసుపు తిరిగి ఉంటుంది. హుక్కులు మూడుసార్లు జరిపిన గుర్తులు వరసగా కనబడతాయి. ఆ ఒక్కసారి ఎన్నేళ్లు సాగిందో పాపం!

ఈ జతను అరబ్బీలో బద్లా అంటారు. సూటు అని అర్థం. బ్రా, తుంటి మీద నిలిచే బెల్టు, లంగా. 1926లో బదియా మసాబ్ని కైరోలో తెరిచిన వినోదశాల లాంటి వేదికల మీద దీనికొక రూపం వచ్చింది. తర్వాత ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ కాలంలో పొట్ట కనబడరాదని నిబంధన వస్తే, డాన్సర్లు ఒంటిరంగు వల తొడుక్కుని చట్టాన్ని గౌరవించారు. ఆ వల అధికారులకు కనబడింది, ప్రేక్షకులకు కనబడలేదు. ఉభయులూ తృప్తి చెందారు.

ఇక పాతది కొన్నవారి సంగతి. పార్సిల్ విప్పీ విప్పకముందే అంటించే మెరుపు రాళ్లకు ఆర్డరు పెడతారు. కూలబోయే గోడకు సున్నం కొట్టే విద్య మన మున్సిపాలిటీల సొత్తే అనుకుంటాం గాని, పొరపాటు. ముందు చేయాల్సింది లైనింగు విప్పడం. ముడులన్నీ దాని వెనకే ఉంటాయి, తుప్పూ మురికీ కూడా అక్కడే. బేరం దగ్గరే వెనకవైపు ఫొటో అడగాలి. పంపనంటే ఆ బేరం వదిలేయండి, జవాబు వచ్చేసినట్టే.

బెల్టు అంచున వేలాడే పూసల కుచ్చుల దగ్గరే అసలు యుద్ధం. హడావుడిగా కుట్టిన బెల్టుల్లో వరస మొత్తం ఒకే దారం మీద నడుస్తుంది. ఒకచోట తెగితే పక్కవి కూడా సంఘీభావం ప్రకటిస్తూ జారిపోతాయి. ఆరి సూదితో వేసిన గొలుసుకుట్టు చివర ముడి ఊడితే మగ్గం వర్కు జాకెట్టు ఏమవుతుందో తెలిసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. వేలాడుతున్న దారాన్ని కత్తిరించడం మహాపరాధం. దాన్ని బెల్టు వెనక్కి లాగి, రెండు ముడులు వేసి, ముడి మీద రంగులేని గోళ్లరంగు చుక్క పెట్టాలి.

ఇంతకీ దారం తెగడానికి డాన్సరును తిడతారు గాని, చాలాసార్లు నేరం కట్‌దానాది. ఆ గాజు గొట్టాల అంచులు పదునుగా ఉండి, ఊగిన ప్రతిసారీ దారాన్ని కాస్తకాస్త కోస్తాయి. అందుకే ఒక్కో గొట్టానికి అటూ ఇటూ గుండ్రటి చిన్నపూసను కాపలా పెట్టాలి. సూది 10 లేదా 12 నంబరు పూసల సూది. దారం పాలిస్టర్ అయితే మేలు, నూలుదారం చెమటకు చివికిపోతుంది. అంచు నుంచి కిందికి పూసలన్నీ గుచ్చి, అట్టడుగుదాన్ని వదిలి, మిగతావాటిలోంచి సూదిని మళ్లీ పైకి తేవాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు వదులుండాలి. బిగించి కడితే కుచ్చు ఊగదు, చీపురుపుల్లలా నిలబడుతుంది. ప్రతి కుచ్చుకూ విడిగా ముడి వేయాలి. 80 సెంటీమీటర్ల అంచుకు అర సెంటీమీటరుకొకటి చొప్పున 160 కుచ్చులు. ఒక్కోదానికి 10 నిమిషాలు వేసుకున్నా 26 గంటల 40 నిమిషాలు. ఈ లెక్క తేలాకే జనం జిగురు పార్టీలోకి ఫిరాయిస్తారు.

జిగురు పార్టీలోనూ ముఠాలున్నాయి. గ్లూగన్ ముఠా అంటించింది దీపాల వేడికి, ఒంటి వేడికి మెత్తబడి ఊడుతుంది. సూపర్‌గ్లూ ముఠా రాయి చుట్టూ తెల్లటి పొర మిగిల్చి, ఎండాక పెళుసెక్కుతుంది. నగల జిగురువాళ్లు కాస్త బుద్ధిమంతులు. కాకపోతే పూర్తిగా గట్టిపడటానికి 24 నుంచి 72 గంటలు పడుతుందని ట్యూబు మీద రాసిన ముక్క చదవరు, కిటికీలు తెరవరు. 144 రాళ్ల గ్రోసు తెచ్చి సాగే లైక్రా లంగాకు అంటిస్తారు. గుడ్డ సాగుతుంది, జిగురు సాగదు. ఒక్క పాట అయ్యేసరికి వేదికంతా రాళ్లు. అంటించాలంటే బుక్రం (కాలర్లలో పెట్టే గట్టి గుడ్డ) వేసి గట్టిగా ఉన్న బెల్టు మీదా, బ్రా కప్పుల మీదా అంటించండి. మిగతా చోట్ల కన్నాలున్న రాళ్లు తెచ్చి కుట్టుకోండి.

వాసన విషయంలో మందుబాబుల మనసు నొచ్చుకునే నిజం ఒకటుంది. నాటకాల దుస్తులు చూసేవాళ్లు వోడ్కాను స్ప్రే సీసాలో పోసి లైనింగుకు పట్టిస్తారు. ముందు చాటున ఒక మూల చల్లి, రంగు దిగడం లేదని చూసుకుని, ఫ్యాను కింద ఆరబెట్టాలి. అత్తరు కొడితే చెమట కంపు పోదు, దానికో తోడు దొరుకుతుంది. డ్రైక్లీనింగు ద్రావకం చమ్కీల రంగునూ జిగురునూ లాగేయగలదు. ఇస్త్రీపెట్టె వేడికి ప్లాస్టిక్ చమ్కీ అప్పడంలా ముడుచుకుంటుంది.

బెల్టు చాలకపోతే నడిమధ్య కోయకండి, డిజైను చస్తుంది. పక్కల విప్పి, రెండు పొరల బుక్రం పెట్టిన ముక్క అతకండి. బ్రాకు సాగిపోయిన ఎలాస్టిక్ పట్టీలు తీసేసి, సాగని టేపు వేయండి. బ్లౌజు హుక్కులు వద్దు, ప్యాంటు హుక్కులు వాడండి, పైన ఒక పిన్నీసు కూడా. నాట్యశాస్త్రం చెప్పని రసం ఒకటి నడివేదిక మీద హుక్కు ఊడినప్పుడు పుడుతుంది.

హ్యాంగరుకు తగిలిస్తే పూసల బరువుకే గుడ్డ సాగుతుంది కాబట్టి పరిచి దాచాలి. అమ్మేటప్పుడు మిగిలిన పూసల పొట్లం కూడా ఇచ్చేయాలి, అదే రంగు మళ్లీ దొరకడం కష్టం. ఆ పొట్లం ఎవరూ ఇవ్వరు. దుస్తులు ఏ దేశం పోయినా పొట్లం మాత్రం పాత యజమాని సొరుగులోనే ఉంటుంది, ఎప్పుడైనా పనికొస్తుందని.