నా ప్లేటులోంచి కాజా తీసిన పెద్దమ్మకు

నెల్లూరులో మా పిన్ని కూతురి గృహప్రవేశం నుంచి ఇప్పుడే వచ్చా, చీర కూడా మార్చుకోలేదు. సాయంత్రం నాలుగింటికి కాఫీతో పాటు మలై కాజాలు తెచ్చారు. ఒకటి వేసుకున్నా. ఒక్కటే. అది నోటి దాకా పోకముందే మా పెద్దమ్మ వచ్చి ప్లేటులోంచి తీసేసి, "ఏంది పాపా, మళ్ళీ మొదలుపెట్టావా? కాస్త నోరు కట్టుకోరాదా" అంది. చుట్టూ ఇరవై మంది. ఆ కాజా ఎవరు తిన్నారనుకున్నారు? మా అన్నయ్య! ఆయనకది ఏడోది. అవును, లెక్కపెట్టా. పక్కవాళ్ళ ప్లేట్లు లెక్కపెట్టడం కూడా నా జబ్బులో భాగమే.

జబ్బు అని మాటవరసకు అనడం లేదు. బింజ్ ఈటింగ్ డిజార్డర్. అమెరికా మానసిక వైద్యులు 2013లోనే డీఎస్ఎం-5 అనే తమ మానసిక జబ్బుల పుస్తకంలో దీన్ని విడి జబ్బుగా రాశారు, మా పెద్దమ్మ దాకా ఇంకా చేరలేదు. కనీసం మూడు నెలల పాటు, వారానికి ఒక్కసారైనా, ఆపుకోలేక గబగబా కడుపు నొప్పి పుట్టేదాకా తినడం, ఆ తర్వాత మన మీద మనకే అసహ్యం. పెళ్ళిలో రెండు స్వీట్లు ఎక్కువ తినడం కాదమ్మా ఇది.

అర్ధరాత్రి వంటింట్లో లైటు వెయ్యకుండా, చల్లటి అన్నంలో నిన్నటి చేపల పులుసు కలుపుకుని నిలబడే తినేదాన్ని. పులుసు అయిపోతే ఉత్త అన్నం, అదీ అయిపోతే పిల్లాడి బిస్కెట్లు. రుచి కూడా తెలిసేది కాదు. ఖాళీ కవర్లు ఇంట్లో కనబడకూడదని హ్యాండ్‌బ్యాగులో దాచుకుని మర్నాడు ట్రంకు రోడ్డులో పారేసేదాన్ని. నోరు కట్టుకోవాలట! పగలంతా కట్టుకునే ఉన్నాగా, రాత్రికి తెగేది అందుకే.

మొదట చూపించుకున్న డాక్టరైతే నా ముఖం కూడా చూడకుండా బరువు మిషన్ చూసి డైట్ కాగితం చేతిలో పెట్టాడు. దాంతో ఇంకా ముదిరింది. ఒక రాత్రి ఏడుస్తూ 14416కి ఫోన్ చేశా. టెలీ మానస్ అని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, డబ్బులేం తీసుకోరు. తెలుగులోనే మాట్లాడి సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళమన్నారు. ఆవిడ బరువు అడగలేదు, "పొద్దున ఏం తిన్నారు?" అని అడిగింది. ఏమీ తినలేదన్నా, అదేదో ఘనకార్యంలా. అక్కడే పట్టేసింది. మూడు పూటలా తినాలి, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, తిన్నప్పుడు మనసులో ఏముందో రాసుకోవాలి. సీబీటీ అంటారు, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల వైద్యం. భయపడే తిండిని కొద్దికొద్దిగా, నలుగురిలో కూర్చుని తినడం కూడా అందులో ఉంది. అంటే ఇవాళ్టి నాలుగింటి కాజా నా నోట్‌బుక్కులో నిన్ననే రాసుకున్నది. అది నా మందు పెద్దమ్మా. షుగర్ మాత్ర నీ చేతిలోంచి లాక్కుని మా అన్నయ్య నోట్లో వేస్తే ఊరుకుంటావా?

అయినా కాజా సంగతి సరే. కావలి హాస్టల్లో డిగ్రీ చదివేటప్పుడు తిండి మానేసి పుల్లలా అయిపోతే, సంక్రాంతికి ఇదే పెద్దమ్మ నన్ను అందరి ముందూ నిలబెట్టి "చూసి నేర్చుకోండే" అని మా చెల్లెళ్ళకు చూపించింది. ఆ రాత్రే మొదటిసారి అరిసెల డబ్బా ఖాళీ చేశా. పొద్దున పిల్లి మీదికి తోశా. పిల్లి మూత తీసి, తిని, మళ్ళీ మూత పెట్టిందా అని ఒక్కరూ అడగలేదు. సన్నగా ఉన్నానుగా, నన్నెవరు అనుమానిస్తారు!

పెద్దమ్మకు ఫేస్‌బుక్ ఉంది. ఇది చదవకుండానే కింద దణ్ణం బొమ్మ పెడుతుంది, చూస్తూ ఉండండి.